15 పెట్టెలు, 40 రోజులు: ఓడా, విమానమా, రైలా, లారీనా?

(ఒక చర్చావేదికలో సరుకు రవాణా మీద అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

పనిముట్టు
సరుకు కంట్రోల్ ప్యానెళ్లు. 14 చెక్కపెట్టెలు, ఒక్కోటి 120×100×80 సెం.మీ., బరువు 110 కిలోలు. వీటితో పాటు ఒక పొడుగు పెట్టె ఉంది: 110×100×175 సెం.మీ., 160 కిలోలు. ఆ 14లో నాలుగింట్లో లిథియం అయాన్ బ్యాటరీలు పరికరంలోనే బిగించి ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి రేవుకు 400 కి.మీ., అవతలి రేవు నుంచి సైటుకు 300 కి.మీ. తయారైన రోజు నుంచి 40 రోజుల్లో సరుకు సైటుకు చేరాలి. ఓడ షెడ్యూలులో రేవు నుంచి రేవుకు 24 రోజులు అని ఉంది. రైలు దారి కూడా ఉంది గానీ మధ్యలో గేజ్ (పట్టాల మధ్య దూరం) మారుతుంది. ఓడలో ఎల్‌సీఎల్‌గా (ఇతరుల సరుకుతో ఒకే కంటైనర్ పంచుకుని) వేస్తే ఇంకా 16 రోజులు చేతిలో ఉంటాయనిపిస్తోంది. ఈ లెక్కలో తప్పుంటే చెప్పండి.

కొలబద్ద
రోజుల సంగతి చుక్కాని గారు చూస్తారు. ముందు కిలోకి ఎంత అని అడగడం ఆపి, ఏ కిలోకి అని అడగండి. ఒకే సరుకుకు ఒక్కో మార్గంలో ఒక్కో బరువు పడుతుంది.

మీ ఘనపరిమాణం: 1.2×1.0×0.8 అంటే 0.96 ఘనమీటరు, 14 పెట్టెలకు 13.44. పొడుగు పెట్టె 1.925. మొత్తం 15.365 ఘనమీటర్లు. అసలు బరువు 1,700 కిలోలు.

విమానంలో ఘన సెంటీమీటర్లను 6,000తో భాగిస్తారు, అంటే ఒక ఘనమీటరుకు దాదాపు 167 కిలోలు. మీకు 2,561 కిలోలు వస్తుంది. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. అంటే 861 కిలోల ఖాళీకి మీరు విమాన చార్జీ కడుతున్నట్టు. కొరియర్ కంపెనీలు ఎక్కువగా 5,000తో భాగిస్తాయి, అప్పుడు అదే సరుకు 3,073 కిలోలు. కిలో రేటు తక్కువగా కనిపించిన కొరియర్ కోట్ చివరికి ఎక్కువ తేలడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఓడలో ఎల్‌సీఎల్‌కి 1 ఘనమీటరు 1,000 కిలోలతో సమానం. మీ సరుకు తేలిక కాబట్టి 15.365 యూనిట్లకే బిల్లు పడుతుంది, బరువు లెక్కలోకే రాదు. ఐరోపా రోడ్డు రవాణాలో ఘనమీటరుకు 333 కిలోలు వాడుక, అలా అయితే 5,100 కిలోలు దాటుతుంది.

పెట్టె ఎత్తు 80 నుంచి 70 సెం.మీ.కి తగ్గించగలిగితే విమాన బరువు 2,281కి దిగుతుంది. రేటు మీద బేరమాడేకన్నా పెట్టె లోపలి ఫోమ్ మీద ఒక గంట కూర్చోవడం మేలు.

చుక్కాని
24 రోజులు అనేది ఓడ కదిలే కాలం. మీకు కావాల్సింది ఫ్యాక్టరీ గుమ్మం నుంచి సైటు గుమ్మం దాకా పట్టే కాలం.

ఎల్‌సీఎల్ అయితే: సరుకు ఎత్తి కన్సాలిడేటర్ (పలువురి సరుకు ఒక కంటైనర్‌లో కలిపేవాడు) గిడ్డంగికి చేర్చడం 2 రోజులు. గిడ్డంగి కటాఫ్ (సరుకు తీసుకునే ఆఖరి గడువు) నుంచి ఓడ బయలుదేరే దాకా 4. ప్రయాణం 24. కంటైనర్ దించడం 2. దాన్ని గిడ్డంగికి తెచ్చి విప్పి ఎవరి సరుకు వాళ్లకు వేరుచేయడం 5. కస్టమ్స్ 3. లారీ 2. మొత్తం 42. ఓడ వారానికి ఒకటే కాబట్టి కటాఫ్ ఒక్క పూట దాటినా ఇంకో 7 రోజులు కలుస్తాయి. అంటే 42 నుంచి 49. మీ 40 అక్కడే పోయింది.

పూర్తి కంటైనర్ అయితే: నింపి రేవుకు 1, కటాఫ్ 3, ప్రయాణం 24, దించడం 2, కస్టమ్స్ 3, లారీ 2. మొత్తం 35, ఓడ తప్పితే 42.

ఇది కూడా అంతా సవ్యంగా జరిగితేనే. బుకింగులు ఎక్కువైతే ఓడ కంపెనీ మీ కంటైనర్‌ను తర్వాతి ఓడకు తోస్తుంది, దాన్నే రోలింగ్ అంటారు. డిమాండ్ లేనప్పుడు ఒక వారం సర్వీసునే ఎత్తేస్తుంది, అది బ్లాంక్ సెయిలింగ్. మధ్యలో ట్రాన్స్‌షిప్‌మెంట్ (ఓడ మార్పు) ఉంటే రెండో ఓడ అందకపోయే ప్రమాదం అదనం. షెడ్యూలు చూసేటప్పుడు రోజులకన్నా ముందు అది నేరుగా వెళ్లే సర్వీసా, ఓడ మార్చాలా అన్నది చూడండి. నేరుగా వెళ్లే 27 రోజుల ఓడ, మార్పు ఉన్న 24 రోజుల ఓడకన్నా ముందే చేరడం మామూలే. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రం వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లిన ఆసియా-ఐరోపా ఓడలకు దాదాపు 10 నుంచి 14 రోజులు అదనంగా పట్టింది. పాత షెడ్యూలు పట్టుకుని తేదీ ఒప్పుకున్నవాళ్లందరూ అక్కడ దెబ్బతిన్నారు.

తూకంరాయి
15 ఘనమీటర్లు అంటే ఎల్‌సీఎల్‌కీ 20 అడుగుల కంటైనర్‌కీ మధ్య సరిగ్గా సరిహద్దు మీద ఉన్నారు. చాలా మార్గాల్లో 12 నుంచి 15 దగ్గర రెండు ఖర్చులూ కలుస్తాయి. ఎల్‌సీఎల్ కోట్‌లో సముద్రపు రేటు మాత్రమే చూసి సంతోషపడొద్దు. గమ్యం దగ్గర గిడ్డంగి చార్జీ, కంటైనర్ విప్పే చార్జీ, డెలివరీ ఆర్డర్ చార్జీ కలిస్తే సముద్రపు రేటునే మించిపోయే సందర్భాలున్నాయి. వీటిని వసూలు చేసేది అవతలి ఏజెంటు. అందుకే కోట్ అడిగేటప్పుడే గమ్యం చార్జీలు రాతలో తీసుకోవాలి.

20 అడుగుల కంటైనర్ లోపల 5.9 మీటర్ల పొడవు, 2.35 వెడల్పు, 2.39 ఎత్తు. తలుపు ఎత్తు 2.28 మాత్రమే, ఇది మరిచిపోయి లోపలి ఎత్తుకు పెట్టె చేయించే పొరపాటు జరుగుతుంటుంది. కాగితం మీద 33 ఘనమీటర్లు పడుతుంది గానీ పెట్టెలతో 25 నుంచి 28 నిండితే గొప్ప. మీ 120×100 పెట్టెలు నేల మీద 9 పడతాయి: ఒక వరుసలో 5, పక్క వరుసలో అడ్డం తిప్పి 4. రెండు అంతస్తులు పేరిస్తే 14 పెట్టెలకు 7 స్థానాలు, పొడుగుదానికి ఒకటి. సరిపోతుంది.

పట్టాలు
రైలు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. ప్రామాణిక గేజ్ 1,435 మి.మీ., పాత సోవియట్ దేశాల్లో 1,520, స్పెయిన్, పోర్చుగల్‌లో 1,668, భారత ఉపఖండంలో 1,676. గేజ్ మారే చోట కంటైనర్‌ను క్రేన్‌తో ఒక వ్యాగన్ మీంచి ఇంకో వ్యాగన్‌కు మార్చాలి. ఎత్తడానికి నిమిషాలే. కానీ అవతలి వైపు వ్యాగన్లు లేకపోతే రోజుల తరబడి అక్కడే నిలుస్తుంది. రైలు మార్గంలో అనిశ్చితి అంతా ఆ సరిహద్దు యార్డులోనే ఉంటుంది. ఫార్వర్డర్‌ని (రవాణా ఏర్పాటు చేసే ఏజెంటుని) సగటు రోజులు కాదు, గత ఆరు నెలల్లో అన్నిటికన్నా ఆలస్యమైన కంటైనర్‌కు ఎన్ని రోజులు పట్టిందో అడగండి.

రైలు వెలిగేది బరువైన సరుకుకి, దూరం ఎక్కువైనప్పుడు, వారం వారం ఒకే పరిమాణం వెళ్తున్నప్పుడు: బొగ్గు, సిమెంటు, ఉక్కు, ధాన్యం, కంటైనర్ల నిండు రైళ్లు. మీ 1,700 కిలోలకు రెండు చివరలా లారీ, రెండు టెర్మినళ్లలో ఎత్తుడు దింపుడు తప్పవు. ఆ స్థిర ఖర్చు పంచుకోవడానికి దూరం కావాలి. అందుకే 300, 400 కి.మీ. లోపు రైలు సాధారణంగా లారీని గెలవలేదు. ఖండం లోపలి చలి ప్రాంతం దాటే దారి అయితే శీతకాలంలో బ్యాటరీలనూ తెర ఉన్న పరికరాలనూ మామూలు కంటైనర్‌లో పంపొద్దు.

లారీకి గేజ్ బాధ లేదు, మధ్యలో దించే పని లేదు, పెట్టెకు తగిలే దెబ్బలు తక్కువ. దానికి హద్దు డ్రైవర్ గంటలు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పదు, రోజుకు మామూలుగా 9 గంటలే. దూరాన్ని వేగంతో భాగించి రోజులు కట్టేవాళ్లు ఇక్కడే తప్పుతారు.

నిలవలెక్క
విమానం దండగ అని ముందే తీర్మానించకండి, అలాగని తొందరగా వస్తుంది కాబట్టి లాభమనీ అనుకోకండి. లెక్క వేయండి.

సరుకు విలువ 100, డబ్బు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే 30 రోజులు దారిలో ఉన్నందుకు పడే భారం 100×0.12×30÷365, దాదాపు 1. విమానానికి అదనంగా అయ్యేది సరుకు విలువలో 6 అయితే వడ్డీ ఆదా దాన్ని ఎప్పటికీ పూడ్చదు. వడ్డీ ఒక్కదానితో విమానాన్ని సమర్థించగలిగేది కిలో విలువ చాలా ఎక్కువున్న సరుకుల్లోనే.

విమానం అసలు బలం వేరే చోట ఉంది. ఒకటి, ఆలస్యం ఖర్చు: సైటులో మనుషులు, క్రేను ఖాళీగా ఉంటే రోజుకు ఎంత, ఒప్పందంలో జరిమానా ఎంత. రెండు, ఊగిసలాట. రోజుకు 40 ముక్కలు వాడే చోట ఓడ 10 రోజులు అటూ ఇటూ అవుతుంటే 400 ముక్కలు ఎప్పుడూ గిడ్డంగిలో ఉంచాలి. అదే విమానంలో ఊగిసలాట 2 రోజులైతే 80 చాలు. మిగతా 320 ముక్కల డబ్బు, చోటు, పాతబడిపోయే ప్రమాదం కలిపి ఓడ ఖాతాలో రాయాలి. సగటు రోజుల కన్నా ఈ ఊగిసలాటే నాకు ముఖ్యం. ఖచ్చితంగా 40వ రోజున వచ్చే సరుకుతో పని నడుస్తుంది. 28కీ 45కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు అనే సరుకుతో నడవదు.

అందుకే పనిముట్టు గారికి ఒక ప్రశ్న. ఆ 15 పెట్టెలూ 40వ రోజునే కావాలా? మొదట బిగించేవి ఏవి?

కొలబద్ద
విమానం మాట వచ్చింది కాబట్టి పొడుగు పెట్టె సంగతి. ప్రయాణికుల పెద్ద విమానాల కింది అరలో సరుకు ఎత్తు సుమారు 160 సెం.మీ. దాటకూడదు. చిన్న విమానాల్లో ఇంకా తక్కువ. 175 సెం.మీ. పెట్టె సరుకు విమానం పై అంతస్తుకే పోవాలి. ఆ విమానాలు తక్కువ ఊళ్లకు, తక్కువ రోజులు తిరుగుతాయి. పడుకోబెట్టి పంపొచ్చా అని తయారీదారుని రాతలో అడగండి. లేదా పెట్టె అడుగున ఉన్న దుంగల ఎత్తు తగ్గించండి. 'దీని మీద ఏమీ పెట్టకూడదు' అని ముద్ర కొడితే పైనున్న ఖాళీకి కూడా చార్జీ అడగవచ్చు, అవసరమైతేనే కొట్టండి.

సరంగు
బ్యాటరీల గురించి. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీకి ప్రమాదకర సరుకుల జాబితాలో నంబరు యూఎన్ 3480. 2016 ఏప్రిల్ 1 నుంచి అది ప్రయాణికుల విమానంలో సరుకుగా వెళ్లకూడదు, సరుకు విమానంలో కూడా చార్జి 30 శాతం మించకూడదు. పరికరంలో బిగించినది యూఎన్ 3481, నిబంధన కొంత సడలింపు. అయినా ఒక్కో పెట్టెలో నికరంగా ఎన్ని కిలోల బ్యాటరీ ఉందో చెప్పాలి: ప్రయాణికుల విమానంలో 5 కిలోలు, సరుకు విమానంలో 35 కిలోలు హద్దు. ఐక్యరాజ్యసమితి 38.3 పరీక్ష సారాంశం బ్యాటరీ తయారీదారు దగ్గర ఉంటుంది, అది చేతిలో లేకుండా బుకింగ్ మొదలుపెట్టొద్దు.

ఓడలోనూ ఇది 9వ తరగతి ప్రమాదకర సరుకే. చాలామంది ఎల్‌సీఎల్ కన్సాలిడేటర్లు దీన్ని తీసుకోరు, తీసుకున్నా వేరే కంటైనర్ కోసం ఆపుతారు. 'ఎలక్ట్రికల్ ప్యానెల్' అని మాత్రం రాసి బ్యాటరీ మాట దాచడం ఎవరూ చేయకండి. మంట అంటుకుంటే దాన్ని సముద్రం మధ్యలో ఆర్పాల్సింది ఓడ సిబ్బంది, వాళ్లకు పెట్టెలో ఏముందో తెలియాలి.

పత్రాలపెట్టె
మార్గం మారితే కాగితం మారుతుంది, కాగితంతో పాటు మీ హక్కూ మారుతుంది.

బిల్ ఆఫ్ లేడింగ్ సరుకు మీద హక్కు పత్రం. మామూలుగా మూడు అసలు ప్రతులు ఇస్తారు, ఆర్డర్ బిల్ అయితే అసలు ప్రతి చూపనిదే సరుకు వదలరు. ఎయిర్‌వే బిల్ అలా కాదు, అది చేతులు మారే పత్రం కాదు. గ్రహీతగా ఎవరి పేరుంటే వాళ్లకు సరుకు ఇచ్చేస్తారు. డబ్బు ఇంకా రాని కొనుగోలుదారుకు ఓడ నుంచి విమానానికి మార్చి పంపుతున్నారంటే ఆ పట్టు వదులుకుంటున్నట్టే. బ్యాంకు ఒప్పుకుంటే బ్యాంకునే గ్రహీతగా పెట్టడం ఒక దారి.

వాహకుడి బాధ్యత పరిమితి చూడండి. ఆయా ఒప్పందాలు వర్తించే చోట మీ 1,700 కిలోల సరుకు మొత్తం పోతే:
విమానం, మాంట్రియల్ ఒప్పందం, కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్లు), మొత్తం 44,200.
అంతర్జాతీయ రైలు, సీఐఎం నిబంధనలు, కిలోకు 17, మొత్తం 28,900.
అంతర్జాతీయ లారీ, సీఎంఆర్, కిలోకు 8.33, మొత్తం 14,161.
ఓడ, హేగ్-విస్బీ నిబంధనలు, పెట్టెకు 666.67 లేదా కిలోకు 2, ఏది ఎక్కువైతే అది. 15 పెట్టెలకు సుమారు 10,000.

మాంట్రియల్ పరిమితి 22గా ఉండేది, 2024 డిసెంబర్ 28 నుంచి 26 అయింది. ఓడ దగ్గర ఒక మెలిక ఉంది. బిల్‌లో 'ఒక కంటైనర్' అని మాత్రమే రాస్తే మొత్తం ఒకే ప్యాకేజీ అయిపోతుంది, అప్పుడు కిలో లెక్కన 3,400 మాత్రమే. 'ఒక కంటైనర్, అందులో 15 చెక్కపెట్టెలు' అని రాయించండి. ఆ ఒక్క పంక్తి విలువ 6,600 ఎస్‌డీఆర్‌లు.

ఖరీదైన సరుకు అసలు విలువకు ఇవి చాలవు, బీమా తప్పదు. సీఐఎఫ్ విలువ (సరుకు ధర, బీమా, రవాణా చార్జీ కలిపినది) మీద 110 శాతానికి చేయడం ఆచారం. ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల్లో (ప్రామాణిక సరుకు బీమా షరతుల్లో) 'ఏ' విస్తృతం, 'సీ' చాలా ఇరుకు. జనరల్ యావరేజ్ మాట మరువొద్దు: ఓడను కాపాడటానికి చేసిన అసాధారణ ఖర్చును సరుకుదారులందరూ పంచుకోవాలి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ సూయెజ్ కాలువలో ఆరు రోజులు ఇరుక్కున్నప్పుడు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అలాంటప్పుడు బీమా ఉంటే కంపెనీ హామీ ఇస్తుంది. లేకపోతే నగదు డిపాజిట్ కట్టేదాకా చెక్కుచెదరని సరుకును కూడా వదలరు.

ఇంకోటి: కంటైనర్‌కు ఎఫ్ఓబీ రాయకండి. ఎఫ్ఓబీలో సరుకు ఓడ ఎక్కేదాకా బాధ్యత అమ్మకందారుది. కంటైనర్‌ని మీరు టెర్మినల్ గేటులోనే అప్పగించేస్తారు, ఆ మధ్య రోజుల్లో మీ చేతిలో లేనిదానికి మీరు బాధ్యులు. ఎఫ్‌సీఏ (వాహకుడికి అప్పగించగానే బాధ్యత మారే షరతు) సరైనది. ఇలాంటి అమ్మకపు షరతుల అంతర్జాతీయ నియమావళి ఇన్‌కోటెర్మ్స్ 2020లో ఎఫ్‌సీఏ కింద కూడా ఓడ ఎక్కినట్టు ముద్ర ఉన్న బిల్ ఇప్పించే ఏర్పాటు పెట్టారు, కాబట్టి ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ పత్రం) ఉన్నా అడ్డంకి లేదు.

పనిముట్టు
అందరికీ ధన్యవాదాలు. నిలవలెక్క గారి ప్రశ్నకు జవాబు: మొదట బిగించేవి మూడే. పొడుగు ప్యానెల్, రెండు మామూలు పెట్టెలు. వీటిలో బ్యాటరీలు లేవు. మిగతా 12 పెట్టెలు 50వ రోజుకు వచ్చినా పని ఆగదు. ప్యానెల్ పడుకోబెట్టకూడదని తయారీదారు రాశారు, కానీ అడుగు దుంగలు, పై ఫోమ్ తగ్గిస్తే పెట్టె ఎత్తు 156 సెం.మీ. అవుతుంది.

నిలవలెక్క
అయితే విడగొట్టండి. విమానానికి: 0.96×2, పొడుగుది 1.1×1.0×1.56 అంటే 1.716, కలిపి 3.636 ఘనమీటర్లు. లెక్క బరువు 606 కిలోలు, అసలు బరువు 380. మొత్తం సరుకును విమానంలో వేస్తే పడే 2,561లో ఇది నాలుగో వంతు కూడా కాదు.

తూకంరాయి
మిగిలిన 12 పెట్టెలు 11.52 ఘనమీటర్లు, 1,320 కిలోలు. పరిమాణం చూస్తే ఎల్‌సీఎల్ చౌక. కానీ బ్యాటరీల వల్ల కన్సాలిడేటర్ ఆపితే 49 రోజులు 56 అవుతాయి. 20 అడుగుల పూర్తి కంటైనరే తీసుకోండి, అదనపు ఖర్చు పెట్టి 35 నుంచి 42 రోజుల్లో చేరడాన్ని కొనుక్కుంటున్నట్టు.

ఫ్రీ టైమ్ (చార్జీ పడని గడువు) ముందే రాయించుకోండి. నిండు కంటైనర్ టెర్మినల్‌లో గడువు దాటితే డెమరేజ్. బయటికి తెచ్చిన కంటైనర్‌ను ఖాళీ చేసి గడువులో తిరిగివ్వకపోతే డిటెన్షన్. సైటు రేవు నుంచి 300 కి.మీ. దూరంలో ఉంది, ఖాళీ కంటైనర్ వెనక్కి రావడానికి కూడా ఒక రోజు లెక్కలో పెట్టండి.

మేకు_సుత్తి
పెట్టెల కలప గురించి ఎవరూ అనలేదు. అంతర్జాతీయ రవాణాలో ముడి కలపకు ఐఎస్‌పీఎం 15 (కలపతో పురుగులు దేశాలు దాటకుండా చేసిన నిబంధన) వర్తిస్తుంది: కలప మధ్యభాగం 56 డిగ్రీల వద్ద కనీసం 30 నిమిషాలు ఉండాలి, పెట్టె మీద ముద్ర ఉండాలి. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు. అందుకని పెట్టె ప్లైవుడ్‌తో చేసి, అడుగు దుంగలకు మాత్రం మామూలు కలప వాడి సరుకును రేవులో ఇరికిస్తారు. పొడుగు పెట్టెకు కొత్త దుంగలు వేయిస్తున్నారు కదా, వాటి మీద కూడా ముద్ర ఉందో లేదో చూడండి.

తేమ ఇంకో శత్రువు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే కంటైనర్‌లో పైకప్పు నుంచి నీరు బొట్లుగా రాలుతుంది. ఆ నీరు చాలావరకు పచ్చి కలప నుంచి వచ్చిందే. ప్యానెళ్లను అల్యూమినియం పొర సంచిలో పెట్టి, లోపల ఆరబెట్టే సంచులు వేసి, సీల్ చేయండి. కంటైనర్‌లో వేలాడదీసే సంచులు అదనపు రక్షణే, సంచి లోపల వేసేవాటికి బదులు కావు.

కంటైనర్ బరువు ధ్రువీకరణ 2016 జూలై 1 నుంచి తప్పనిసరి. నింపిన కంటైనర్‌ను తూచడం ఒక పద్ధతి. పెట్టెలు, దుంగలు, తాళ్లు అన్నీ తూచి ఖాళీ కంటైనర్ బరువు కలపడం రెండోది. రెండో పద్ధతిలో అందరూ మరిచేది దుంగల బరువు.

ఇక పేర్పు. 12 పెట్టెలనూ రెండంతస్తులుగా ముందు గోడకు ఆనించి పేర్చొద్దు, 5.9 మీటర్లలో 3.6 మాత్రమే నిండి బరువంతా ఒక చివరికి పోతుంది. నేల మీద 9, వాటి మీద నడుమ భాగంలో 3. బరువు కేంద్రం కంటైనర్ మధ్య నుంచి పొడవులో 5 శాతానికి మించి పక్కకు జరగకూడదన్నది సీటీయూ కోడ్ (కంటైనర్లలో సరుకు పేర్చే అంతర్జాతీయ మార్గదర్శి) మాట. 1.2, 1.0 కలిపి వెడల్పు 2.2 అవుతుంది, పక్కల 15 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. అడ్డంగా గానీ పొడవుగా గానీ మొత్తం ఖాళీ 15 సెం.మీ. దాటకూడదు, వెడల్పులో మీరు సరిగ్గా హద్దులో ఉన్నారు. అయినా ఆ ఖాళీని కలపతో బిగించండి. తలుపు వైపు ఒక వరుస దగ్గర 90 సెం.మీ., ఇంకో వరుస దగ్గర 110 సెం.మీ. ఖాళీ ఉంటుంది, అక్కడ గాలి సంచి పనికిరాదు, అడ్డదుంగల చట్రమే కావాలి. లారీ గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు 0.8 జీ బలం (సరుకు బరువులో 0.8 వంతు) పడుతుంది, కల్లోల సముద్రంలో పక్కలకు కూడా అంతే. పైనున్న మూడు పెట్టెలు 330 కిలోలు, పక్కకు 264 కిలోల బరువుకు సమానమైన తోపు వస్తుంది. వాటిని కింది పెట్టెలకు కాకుండా కంటైనర్ నేల రింగులకు బెల్టులతో కట్టండి, పెట్టె అంచుల దగ్గర బెల్టు కింద మూల పట్టీలు వేయండి. తలుపు మూసే ముందు ఫొటోలు తీసి, సీల్ నంబర్‌తో కలిపి పత్రాలపెట్టె గారు చెప్పిన బిల్ పక్కన దాచండి. బీమా సర్వేయర్ మొదట అడిగేది అవే.